ఉసిరికాయంత బెల్లం

“అక్కా, అన్నం అరవై గ్రాములు, ఆకుకూర ముప్పై, నెయ్యి మరిచిపోవద్దు,” అని వాకిట్లో నుంచే చెప్పి తోటికోడలు శశికళ స్కూటీ ఎక్కి బ్యాంకుకు పోయింది. మరిచిపోయే యోగం కనకవల్లికి ఎక్కడిది? అరచేతి వెడల్పున్న తెల్లని కాటా గ్యాస్ పొయ్యి పక్కనే కూర్చుని ఉంటుంది. ఫ్రిజ్ తలుపుకు ఒక అట్టముక్క. దాని మీద తెలుగు మాటలను అరవ అక్షరాల్లో తనే రాసి పెట్టుకుంది. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం చదవడం ఒక్కరికీ రాదు. బియ్యం, రాగి, పాలు, పెరుగు, నెయ్యి, ఆకుకూర ఒక పక్క. చక్కెర, బెల్లం, తేనె, పండ్లు, క్యారెట్, బీట్‌రూట్, చిలగడదుంప ఇంకొక పక్క. మొదటి పక్కవి శశికళ కూతురు శృతికి పెట్టవచ్చు. రెండో పక్కవి ఆ పిల్ల నోటి దరిదాపులకు రాకూడదు.

కాటా మీద గిన్నె పెట్టి, మెల్లగా అన్నం వేసింది. అరవై రెండు అయింది. ఆ రెండు గ్రాములు తీసి తన నోట్లో వేసుకుంది. పొద్దున్నుంచి ఆమె నోట్లో పడిన తిండి అదే. పదకొండు కావస్తోంది. ఆ ఇంట్లో ఆమె ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో ఇరవై ఒక్క ఏళ్ళలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు అదే వంటింట్లో ఒక మనిషి తినే ప్రతి ముద్దకూ తూకం ఉంది, పుస్తకంలో రాత ఉంది, ఫోటో కూడా ఉంది. వండేది కనకవల్లి, తూచేది కనకవల్లి. సాయంత్రం ఆ పళ్ళేన్ని ఫోన్లో స్టేటస్‌గా పెట్టి, “నా బంగారుతల్లి పోరాటం” అని రాసేది మాత్రం శశికళ. దాని కింద అరవై మంది చేతులు జోడించిన బొమ్మలు పెడతారు.

కనకవల్లికి శృతిని చూస్తే కుళ్ళు. ఉన్నమాట చెప్పుకోవడానికి భయమెందుకు? రెండున్నరేళ్ళ పిల్ల మీద నలభై ఒక్క ఏళ్ళ ఆడమనిషికి కుళ్ళు. ముక్కున వేలేసుకునేవాళ్ళు వేసుకోవచ్చు, ఆమె కూడా మొదట వేసుకుంది. ఎత్తుకుంటే మెడ చుట్టూ చేతులు వేసి “పెద్దమ్మా” అని చెంపకు చెంప రాసే పిల్ల అది. ఆ క్షణంలో ప్రాణం ఇవ్వాలనిపిస్తుంది. దించగానే మళ్ళీ లోపల మంట మొదలవుతుంది.

శృతి కథ నాలుగు నెలల కిందట తేలింది. తల్లిపాలు మానినప్పటి నుంచీ ఆ పిల్ల పెట్టిందల్లా కక్కేది, ఒళ్ళు పట్టేది కాదు, పొట్ట మాత్రం ఉబ్బి ఉండేది. ఎవరింట్లోనో పుట్టినరోజు నాడు కేకు తినిపిస్తే చెమటలు పోసి, కళ్ళు తేలేసింది. బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి పరుగెత్తారు. అక్కడ రక్తం తీసి పరీక్షకు పంపితే ఆరు వారాలకు కాగితం వచ్చింది. తీపిని అరిగించే సరుకు ఒకటి మనిషి కాలేయంలో తయారు కావాలట. దాన్ని తయారు చేసే జీను తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి బిడ్డకు వస్తాయట. రెండూ చెడినవే వస్తే ఆ బిడ్డకు పండూ బెల్లమూ విషమేనట. దీనికి సూది లేదు, మాత్ర లేదు. పెట్టే కూడే వైద్యం. ఇదంతా మరిది బాలాజి హాల్లో నిలబడి చెప్పాడు. కనకవల్లి వంటింటి గడపలో నిలబడి వింది. కాగితం వచ్చిన రోజు ఆమెను ఎవరూ ఆసుపత్రికి తీసుకుపోలేదు. కాగితం ఇంటికి వచ్చాక, దాన్ని తీసుకుపోయి వంటింట్లో ఆమె చేతిలో పెట్టారు.

అప్పుడు అందరికంటే ముందు కరిగిపోయినవాడు ఆమె భర్త సుందరరాజన్. తాగిన కాఫీ గ్లాసు ఎన్నడూ తనంతట తాను తీసి పెట్టని మనిషి, స్వయంగా బజారుకు పోయి ఆ కాటా కొనుక్కొచ్చాడు. పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, “నీకు పడదు కదా నా సెల్లం, ఎవరన్నా పెడితే వద్దని చెప్పల్ల,” అని బుగ్గ నిమిరాడు. ఎవరూ బిడ్డను బలవంతం చెయ్యకూడదని ఇంట్లో అందరికీ హుకుం జారీ చేశాడు. గడపలో నిలబడిన కనకవల్లికి కాళ్ళ కింద నేల వేడెక్కినట్టయింది. పడదు. ఎంత చిన్న మాట! ఆ మాటే తను అంటే పొగరు. అదే మాట బెంగళూరు కాగితం అంటే జబ్బు.

ఆమెకు తీపి పడదని పుట్టింట్లో అందరికీ తెలుసు. చిన్నప్పుడు అరటిపండు తింటే కడుపులో మెలిపెట్టేది, చేతులు వణికేవి, చెమటలు పట్టేవి. తల్లి ఆ తర్వాత పెట్టడం మానేసింది, అంతటితో సరి. బొమ్మిడిలో వాళ్ళది చిన్న కిరాణా కొట్టు, ఎవరేం తింటున్నారో చూసే తీరిక ఎవరికీ లేదు. తర్వాత మేనత్త ధనలక్ష్మి వచ్చి, నా అన్న కూతురు నా ఇంటికే రావాలని పట్టుబట్టి పెద్దకొడుక్కు చేసుకుంది. తమ్ముడి కూతురు శశికళను పన్నెండేళ్ళ తర్వాత చిన్నకొడుక్కు తెచ్చుకుంది. ఇంటి పిల్లలు ఇంట్లోనే ఉన్నారని నలుగురిలో చెప్పుకుని మురిసిపోవడం ఆమెకు అలవాటు. అయితే ఆ ఇల్లు మామూలు ఇల్లా? మూడు తరాలుగా ధర్మపురిలో బెల్లం మండీ. హాల్లోకి అడుగుపెడితే బెల్లం వాసన, దుప్పట్లలో బెల్లం వాసన, మొగుడి చొక్కాలో బెల్లం వాసన.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో పాలక్కోడు వైపు నుంచి కొత్త బెల్లం మొదటి బండి మండీకి దిగినప్పుడు, ఒక అచ్చు పగలగొట్టి లక్ష్మి పటం ముందు పెడతారు. అందులో ఉసిరికాయంత ముక్క పెద్దకోడలి నోట్లో పెట్టాలి. ఆమె మింగి, నవ్వి, బాగుందని తల ఊపాలి. అంతవరకూ మండీలో కాటా లేవదు. పెళ్ళయిన మొదటి ఏడు కనకవల్లి మింగింది. మింగి గోడౌన్ వెనక్కు పోయి పేగులు బయటపడేలా కక్కింది, ఆ రోజంతా చాప మీద చుట్టుకుపోయి పడుకుంది. కడుపేమోనని ఇల్లంతా సంబరపడింది. కాదని తెలిశాక ధనలక్ష్మి ముఖం మాడ్చుకుని, “లక్ష్మి ప్రసాదం కక్కిన నోరు,” అంది. రెండో ఏటి నుంచి ఆమె ఉపాయం నేర్చుకుంది. ముక్కను చెంప కింద దాచి, నవ్వి, తల ఊపి, పక్కకు తిరిగి కొంగులో వేసి ముడి వేసుకునేది. అట్లా దాచిన మొదటి ఏడే ఆ ముడికి చీమలు పట్టాయి. హమాలీల ముందే అత్త ఆ చీమలు చూసి, ముడి విప్పించి, “చూడండప్పా మా కోడలి కొళుప్పు, ఎంత పొగరు, బెల్లం తిని బతికే ఇంట్లో బెల్లం ఉమ్మేస్తాది,” అంది. హమాలీలు నవ్వారు. సుందరరాజన్ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఈ ఏడు తప్పించుకుంటాననుకుంది. శృతికి ఇంత జరిగాక, తీపి పడని మనుషులు లోకంలో ఉంటారని కళ్ళారా చూశాక, తన వైపు ఒక్కరైనా తిరిగి చూడకపోతారా అనుకుంది. మొదటి బండి దిగిన రోజు శృతిని ఆ వాసన కూడా తగలకుండా ఉదయమే అదియమాన్‌కోట్టైలో శశికళ స్నేహితురాలి ఇంటికి పంపేశారు. కనకవల్లిని పట్టుచీర కట్టుకుని రమ్మన్నారు. అత్త అచ్చు పగలగొట్టి ముక్క తీసింది. కనకవల్లి భర్త వైపు తిరిగి, “బావా, ఈ ఏడు వద్దు. నాకూ పడదు కదా,” అని మెల్లగా అంది.

“దానికి జబ్బు. నీకేం?” అన్నాడు సుందరరాజన్, చేతి గడియారం చూసుకుంటూ. “ఉసిరికాయంత ముక్క నోట్లో వేసుకుంటే చస్తావా?”

ఆమె నోరు తెరిచింది. చెంప కింద దాచింది. నవ్వింది. తల ఊపింది. కాటా లేచింది. ఇంటికి వచ్చి నోరు పదిసార్లు పుక్కిలించి, అద్దంలో చూసుకుని అడిగింది: ఏమే కనకా, ఆ పిల్లకు కాగితం ఉంది, నీకు లేదు, అంతే కదా తేడా? పిల్ల కడుపునొప్పి కడుపునొప్పి, నీది నాటకం. దేవుడు నీకు జబ్బు ఇచ్చి కాగితం ఇవ్వడం మరిచిపోయినాడు. కళ్ళలో నీళ్ళు రాలేదు. మంటే వచ్చింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. శృతికి ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో కనకవల్లికి అట్టముక్క కంటే ముందు నాలుక చెప్పేది. బజారులో కొన్న సాంబారు పొడి, కొత్త పిండి ప్యాకెట్టు, దగ్గు మందు, ఏది ఇంట్లోకి వచ్చినా ముందు తన నాలుక మీద కొంచెం వేసుకుని చప్పరించి, అరగంట ఆగి చూసేది. కడుపులో తిప్పిందా, అది శృతికి వద్దు. తిప్పకపోతే పెట్టవచ్చు. అట్లా వారంలో రెండు మూడు పూటలు తను తలతిరిగి గోడ పట్టుకుని నిలబడేది. ఈ పని చెయ్యమని ఎవరూ చెప్పలేదు. చేస్తున్నట్టు ఎవరికీ తెలియదు. పిల్ల బుగ్గలు నిండుతుంటే అందరూ శశికళను మెచ్చుకునేవారు, బ్యాంకు ఉద్యోగం చేస్తూ కూడా బిడ్డను ఎంత జాగ్రత్తగా చూసుకుంటోందో అని.

కొత్త బెల్లం వచ్చిన వారానికి ఆ సంగతి జరిగింది. మధ్యాహ్నం వేళ. కనకవల్లి పెరట్లో బట్టలు తీసుకుని లోపలికి వస్తుంటే, హాల్లో ధనలక్ష్మి శృతిని ఒళ్ళో పెట్టుకుని రాగిజావ తాగించబోతోంది. వెండి గ్లాసు. జావ రంగు మామూలుగా లేదు, వాసన గడప దాకా వస్తోంది. కొత్త బెల్లం. పిల్ల ముఖం తిప్పుకుంటోంది. ధనలక్ష్మి గడ్డం పట్టుకుని బతిమాలుతోంది, ఒక్క గుక్క, అవ్వ కోసం ఒక్క గుక్క అని.

కనకవల్లి కదలలేదు. బట్టలు గుండెకు అదుముకుని అట్లాగే నిలబడింది. తాగనీ, అనుకుంది. తాగి కక్కుకోనీ. ఇన్ని తూకాలు, ఇన్ని ఫోటోలు, ఇన్ని ముద్దులు. ఒక్కసారి తనకు జరిగినట్టు దానికీ జరగనీ. ఎవరి చేత్తో జరిగిందో అప్పుడు అందరూ చూడనీ. రెండు ఊపిరులు తీసి వదిలేంత సేపు అట్లా అనుకుంది. ఆ రెండు ఊపిరుల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పుకోగలిగిందీ కాదు. గ్లాసు అంచు పిల్ల పెదవిని తాకింది. శృతి తలెత్తి, అవ్వను కాదు, గడపలో ఉన్న పెద్దమ్మను చూసింది. బట్టలన్నీ నేలపాలయ్యాయి. కనకవల్లి ఒక్క అంగలో పోయి గ్లాసు లాక్కుంది.

ధనలక్ష్మికి కోపం నషాళానికంటింది. “చక్కెర వద్దన్నారు గాని బెల్లం వద్దని ఏ డాక్టరు చెప్పినాడే? చక్కెరంటే మందులేసి తెల్లగా చేసేది. ఇది మన మండీ బెల్లం, బాలింతలకు పెట్టే సరుకు. ఆ అట్టముక్క మీద బెల్లమని రాసింది నువ్వు. నీకు పడలేదని బిడ్డకూ లేకుండా చేస్తావా?”

నిజమే, ఆసుపత్రి వాళ్ళ అచ్చు కాగితంలో చక్కెర అని, తేనె అని, పండ్లు అని ఉంది. బెల్లం పేరు లేదు. బెల్లం కూడా చక్కెరేనని విడిగా చెప్పాల్సిన ఇల్లు ఒకటి ఉంటుందని వాళ్ళెట్లా అనుకుంటారు? ‘నీకు పడలేదని.’ ఇరవై ఒక్క ఏళ్ళకు అత్త నోటి నుంచి ఆ మాట కోపంలో జారింది. కనకవల్లి దాన్ని గుర్తుపెట్టుకుంది. గ్లాసు తీసుకుపోయి తొట్టిలో కుమ్మరించి, పీచుతో తోమడం మొదలుపెట్టింది.

తోముతుంటే గ్లాసు అంచున చిన్న సొట్ట వేలికి తగిలింది. ఆ సొట్ట ఆమెకు తెలుసు. ఆ గ్లాసూ తెలుసు.

కొడుకు యువనేశ్ కంటే ముందు కనకవల్లికి ఒక ఆడపిల్ల పుట్టింది. వాసవి అని పేరు పెట్టారు. ఏడో నెల దాకా పాలతో పాల ముద్దలాగే ఉంది. ఏడో నెలలో రాగిజావ మొదలుపెట్టారు, ఈ గ్లాసుతోనే. ధనలక్ష్మి అప్పుడు ఒక మాట చెప్పింది: తల్లి మాదిరి దీనికీ తీపంటే అడం పట్టకూడదు, మొండికెయ్యకూడదు, ఇప్పట్నుంచే అలవాటు చెయ్యల్ల, జావకు ఉసిరికాయంత బెల్లం వెయ్యి, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి. కనకవల్లి వేసింది. అత్తకు భయపడి కాదు, అదే ఆమెను ఇప్పుడు నరికింది. ఆమెకూ అదే కావాలనిపించింది. తన బిడ్డ తనలా కాకూడదు, నలుగురిలో చీమల కొంగుతో నిలబడకూడదు, బెల్లం ముక్క నోట్లో వేసుకుని నిజంగా నవ్వాలి అనుకుంది. పాప ముఖం తిప్పుకునేది. ఈమె ఒళ్ళో అదిమి పట్టుకుని, ముక్కు మూసి, పోసేది. పాప కక్కేది. కక్కితే మళ్ళీ కలిపి పోసేది. తొమ్మిదో నెలకు కళ్ళు పచ్చబడ్డాయి, పొట్ట ఉబ్బింది. కామెర్లన్నారు, పసరు పోశారు, గాలి సోకిందని తాయెత్తు కట్టారు. నీరసంగా ఉందని బెల్లం ఇంకొంచెం వేశారు. పదకొండో నెల నిండకుండానే పోయింది. పంతొమ్మిదేళ్ళయింది. తీపి మింగని తల్లి పాలు చేదు, అందుకే బిడ్డ నిలవలేదని ధనలక్ష్మి ఇరవై మంది ఆడవాళ్ళ ముందు అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో పాప పేరు ఎవరూ ఎత్తలేదు. ఫోటో ఒకటుంటే అదీ తీసి ఎక్కడో పెట్టేశారు.

కొళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. శృతి పొట్ట, శృతి కక్కడం, శృతి ముఖం తిప్పుకోవడం. నాలుగు నెలలుగా కళ్ళెదుట ఉన్నా ఆ పోలిక ఆమె చూడలేదు, చూసేందుకు కుళ్ళు అడ్డమొచ్చింది. కనకవల్లి కొళాయి కట్టింది. డబ్బాలోంచి కొత్త బెల్లం తీసి, అప్పుడు తుంచినట్టే, వేళ్ళకు గుర్తున్నంత ముక్క తుంచింది. తెల్ల కాటా మీద పెట్టింది. పదిహేడు అని చూపించింది. తీసి ఇంకొకటి తుంచి పెట్టింది. మళ్ళీ పదిహేడే. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు.

పది రోజులకు బెంగళూరులో శృతిని చూపించాల్సిన తేదీ వచ్చింది. శశికళకు బ్యాంకులో ఆడిట్, సెలవు దొరకలేదు. పిల్ల కనకవల్లి చేతి ముద్ద తప్ప తినదు కనుక ఆమెను బయలుదేరమన్నారు. ఇంటి పెద్దవాళ్ళెవరైనా వస్తే వంశం వివరాలు సరిచూసుకుంటామని ఆసుపత్రి వాళ్ళు కబురు చేశారట, అందుకని ధనలక్ష్మి. కారు బాలాజి తోలాడు. హోసూరు దాకా అత్తాకోడళ్ళ మధ్య శృతి నిద్రపోతూనే ఉంది.

డైటీషియన్ పేరు హేమలత. కుప్పం పిల్ల, ముప్పై ఏళ్ళుంటాయేమో, తెలుగులోనే మాట్లాడింది. శృతి ఒకటిన్నర కిలో పెరిగింది, కాలేయం పరీక్షలు బాగా వచ్చాయి. కనకవల్లి రాసిన భోజనం పుస్తకాన్ని బాలాజి చేత చదివించుకుంటూ వింది. విని, ఇంత బాగా ఎవరు చూసుకుంటున్నారని అడిగింది.

“ఇంట్లో చూసుకుంటారు మేడమ్,” అన్నాడు బాలాజి.

“ఇంట్లో అంటే ఎవరు?”

బాలాజి వదిన వైపు చూశాడు. “నేనే,” అంది కనకవల్లి.

హేమలత ఆమె వైపు కుర్చీ తిప్పుకుంది. దగ్గు మందు మార్పించారు, సాంబారు పొడి ఇంట్లోనే కొడుతున్నారు, గుమ్మడికాయ మానేశారు, వద్దన్నవాటిలో బెల్లం మీరే చేర్చారు, ఇవేవీ మేము ఇచ్చిన కాగితంలో లేవు కదా, ఎట్లా తెలిశాయి అని అడిగింది. మెచ్చుకుంటున్నదో మందలిస్తున్నదో కనకవల్లికి అర్థం కాలేదు. తప్పు ఒప్పుకుంటున్నట్టుగా చెప్పింది: “ముందు నేను నాలిక మీద పెట్టుకుంటాను. నాకు కడుపులో తిప్పితే పాపకు పెట్టను.”

హేమలత చేతిలోని కలం కింద పెట్టింది. మీకు తిప్పడమేమిటని అడిగింది. ఎన్నాళ్ళ నుంచి, ఏం తింటే, చెమట పడుతుందా, చెయ్యి వణుకుతుందా. కనకవల్లి ఒక్కొక్కటికీ అవుననే చెప్పింది. మధ్యలో ధనలక్ష్మి అందుకుని, అదేం లేదు, దీనికి చిన్నప్పట్నుంచి తీపంటే అడం అంది. హేమలత ఆమె వైపు తిరగనైనా తిరగకుండా, కనకవల్లిని నోరు తెరవమంది. ఫోన్ లైటు వేసి చూసింది. నలభై దాటిన నోట్లో ఒక్క పుచ్చు పన్ను లేదు. తీపి ఎన్నడూ తగలని నోరు ఇట్లాగే ఉంటుందని, శృతికి ఉన్నదే ఈమెకూ ఉండవచ్చని, రక్తం పంపి చూద్దామని చెప్పింది. “ఇది అడం కాదమ్మా. ఇన్నేళ్ళూ మీ ఒళ్ళే మీకు వైద్యం చేసుకుంది.”

ధనలక్ష్మి చెంగుతో ముఖం తుడుచుకుంది. ఇరవై ఒక్క ఏళ్ళుగా కనకవల్లి వినాలనుకున్న మాట అది. విన్నాక ఎట్లా ఉంటుందో ఎన్నో విధాల ఊహించుకుంది. కానీ ఆమె మనసు అక్కడ లేదు. హేమలత ఫైలులోంచి ఒక పెద్ద కాగితం తీసి బల్ల మీద పరిచింది. మనుషుల వరుస. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా. జబ్బున్నవాళ్ళకు లోపల నలుపు, పోయినవాళ్ళకు అడ్డగీత. అత్త ఉంది, ఆమె అన్నదమ్ములున్నారు, కింద సుందరరాజన్, బాలాజి, శశికళ. అన్నిటికంటే కింద శృతి, ఒక్కటే నల్ల సున్నా. ఆ నల్ల సున్నాను చూసినా కనకవల్లికి కుళ్ళు పుట్టింది. ఎందుకో అప్పుడు తెలిసింది. ఈ నాలుగు నెలలూ ఆ పిల్ల పళ్ళేన్ని చూసి మండింది తన కోసం కాదు. ఆ తూకం, ఆ పుస్తకం, ఆ కాగితంలో ఇంత చోటు, ఇవి దక్కాల్సిన ఇంకొక పిల్ల ఉంది.

హేమలత కనకవల్లి పేరున్న సున్నా లోపల ఒక ప్రశ్న గుర్తు వేసింది. దాని కింద ఒకే ఒక చదరం ఉంది, యువనేశ్‌ది. “మీకు బాబు ఒక్కడే కదా? బాబుకూ పరీక్ష చెయ్యాలి.”

“ఒక్కడే,” అన్నాడు బాలాజి. నాలుగు నెలల కిందట ఆ వరుసంతా చెప్పి గీయించినవాడు అతనే. పాప పోయినప్పుడు అతనికి పదహారేళ్ళు. మరిచిపోయాడో, చెప్పాల్సిన సంగతి కాదనుకున్నాడో.

“ఇద్దరు,” అంది కనకవల్లి. “మొదట ఆడపిల్ల. యువనేశ్ కంటే ముందు గీయండి.”

“పోయిన దాన్ని ఇప్పుడెందుకే,” అంది ధనలక్ష్మి. కోడలి మోచేతి మీద చెయ్యి వేసింది, ఆపడానికో, పట్టుకుని నిలబడడానికో. ఆమెకూ అప్పటికే అర్థమైంది. కనకవల్లి ఆ చేతిని తీసెయ్యలేదు.

హేమలత యువనేశ్ చదరానికి ఎడమ పక్కన సున్నా గీసింది. పేరు అడిగింది. వాసవి అని చెప్పింది కనకవల్లి. పంతొమ్మిదేళ్ళుగా పైకి పలకని పేరు, బయట ఎట్లా వినిపిస్తుందోనని ఆమే చెవి ఒగ్గి విన్నట్టుంది. ఎన్ని నెలలకు పోయిందో, ముందు ఏమేం కనిపించాయో, అన్నీ చెప్పింది. కళ్ళు పచ్చబడడం చెప్పింది, పొట్ట చెప్పింది, ముక్కు మూసి పోయడం కూడా చెప్పింది. పోసింది తన చెయ్యేనని, అత్త చెయ్యి కాదని, తన బిడ్డ తనలా కాకూడదనే పోసిందని చెప్పింది. బాలాజి లేచి పోయి కిటికీ దగ్గర నిలబడ్డాడు. శృతి పెద్దమ్మ ఒళ్ళోకి ఎక్కి కొంగు అంచు నోట్లో పెట్టుకుని చీకుతోంది.

హేమలత మెల్లగా అడిగింది, జావలో బెల్లం ఎంత వేసేవాళ్ళో సుమారుగా గుర్తుందా, కొంచెమా, ఎక్కువా అని. అది అంత ముఖ్యం కాదు, గుర్తులేకపోయినా పరవాలేదని కూడా అంది.

“పూటకు పదిహేడు గ్రాములు. రోజుకు రెండు పూటలు,” అంది కనకవల్లి. “తూచి చూసినాను.”

హేమలత కలం కాగితం మీద ఆగిపోయింది. తలెత్తి చూసింది. ఏదో ఓదార్పు మాట నోటిదాకా వచ్చినట్టుంది. కనకవల్లి దాన్ని రానివ్వలేదు.

“రాయండమ్మా,” అంది. “శృతికి గ్రాముల్లో ఎట్లా రాసినారో, నా బిడ్డకూ అట్లే రాయండి.”